అమ్మాయి చదివింది మిమ్మల్ని ఒక్కరినే, మాస్టారూ

గోదావరి జిల్లాల నుంచి ఒక తండ్రి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీ. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు షటిల్ ఆడారు. సాయంత్రాలు ఊళ్లోని ఇండోర్ కోర్టులో పదిమంది పిల్లలకు నేర్పుతున్నారు. ఆ పదిమందిలో ఒకరు ఆయన కూతురు. 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. మిగతా పిల్లలంతా ఆమెకన్నా బాగా చిన్నవాళ్లు. అందుకే ఏడేళ్ల వయసు నుంచీ ఆమెకు ఎదురు నిలిచి ఆడుతున్నది తండ్రి ఒక్కరే.

ఆయన బాధ ఇది. "మా కోర్టులో నేను ఏం కొట్టినా దాని కాళ్లు ముందే అక్కడుంటాయి. నేను నెట్ దగ్గర రాలే డ్రాప్ అనుకుంటే అక్కడికి వచ్చేస్తుంది. కోర్టు వెనక పడేలా ఎత్తుగా లేపే టాస్ అనుకుంటే వెనక్కి పోతుంది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. అదే పిల్ల స్టేట్ టోర్నమెంట్‌కు వెళ్తే కొయ్యబొమ్మ అయిపోతుంది. ఏడాదిలో మూడు టోర్నమెంట్లు, మూడింటిలోనూ రెండో రౌండే. ఓడించిన వాళ్లెవరూ దానికన్నా వేగంగా కదిలేవాళ్లు కారు. కొన్నిసార్లు డ్రాప్‌కు ఆలస్యంగా వస్తుంది, కొన్నిసార్లు పూర్తిగా ఎదురు దిక్కుకు పరిగెడుతుంది." వెనక కూర్చుని "భుజం చూడు, మణికట్టు చూడు" అని పాయింటు పాయింటుకూ అరుస్తూనే ఉన్నారట. మూడో టోర్నమెంట్ నుంచి తిరిగొస్తూ రైల్లో ఆ పిల్ల అన్న మాట ఆయన ఉత్తరంలో రెండుసార్లు రాశారు: "నువ్వు అరవకు నాన్నా. నువ్వు అరిస్తే నాకు కనబడేది కూడా పోతోంది."

ఇప్పుడు ఇంట్లో మూడు మాటలు నడుస్తున్నాయి. ఒక సీనియర్ కోచ్, "ఎదుటివాడి షాట్ ముందే పసిగట్టడం పుట్టుకతో రావాలి మాస్టారూ, నేర్పితే వచ్చేది కాదు" అన్నారు. ఆయన తమ్ముడు, రంగు రంగుల దీపాలు వెలుగుతుంటే చేత్తో తాకి ఆర్పే రిఫ్లెక్స్ లైట్ల సెట్ కొనమంటున్నారు, 40 వేలు అవుతుందట. ఇంటావిడ, హైదరాబాద్ అకాడమీకి పంపేద్దాం అంటున్నారు. ఉత్తరం చివర ఒక వాక్యం ఉంది. "నాలుగేళ్ల క్రితం కుడి భుజం దెబ్బతిన్నాక పూర్తి చెయ్యి లేపి స్మాష్ కొట్టలేకపోతున్నాను. షటిల్‌ను రాకెట్‌తో కోసినట్టు కొట్టే స్లైస్‌లతో నెట్టుకొస్తున్నాను. నా వల్లే పిల్ల పాడైపోయిందా?"

మాస్టారూ,

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. పాడవలేదు. మీరు ఇచ్చిన వివరాల్లోనే దానికి రుజువు ఉంది. మీ చేతిలోంచి షటిల్ రాకముందే ఆమె కాళ్లు కదులుతున్నాయి అన్నారు. అంటే ఎదుటి మనిషి ఒంటిని చదివే శక్తి ఆమెకు ఉంది, అదీ బాగా ఉంది. ఏడేళ్లుగా ఆమెకు దొరికిన పుస్తకం ఒక్కటే, అది మీరు. మీ నడుము ఎంత తిరిగితే ఏ షాటో, మీ మోచెయ్యి ఎక్కడ ఆగితే ఏ షాటో ఆమెకు కంఠతా వచ్చు. పైగా ఆ పుస్తకంలో నాలుగేళ్లుగా ఒక పేజీ లేదు. పూర్తి చెయ్యి లేపి కొట్టే స్మాష్, ఆ స్మాష్ లాగే మొదలై చివర్లో డ్రాప్ అయ్యే షాట్ ఆమె మీ దగ్గర చూడనే లేదు. అండర్-15 ఆడపిల్లలు ఆమెను ఓడిస్తున్నది సరిగ్గా ఆ జంట షాట్లతోనే అయి ఉంటుందని నా అనుమానం. అది ఆమె లోపం కాదు, మీ తప్పూ కాదు. చూడనిదాన్ని ఎవరూ పోల్చుకోలేరు.

సీనియర్ కోచ్ గారి మాట మీద నాకు గౌరవం ఉంది కానీ, ఈ విషయంలో ఆయనతో ఏకీభవించలేను. ఈ సంగతిని మన ఆటలోనే పరీక్షించి చూశారు. 1987లో అబర్నెతీ, రస్సెల్ అనే ఇద్దరు పరిశోధకులు బ్యాడ్మింటన్ ఆటగాళ్లు కొట్టే షాట్లను సినిమా తీసి, షటిల్‌కు రాకెట్ తగలకముందే ఆపేసి, ఎటు వెళ్తుందో చెప్పమని అడిగారు. కొత్తవాళ్లకు ఆధారం రాకెట్ మాత్రమే. రాకెట్ కదలిక కనబడేదాకా వాళ్లకు ఏమీ తెలియదు. ఆరితేరినవాళ్లు అంతకన్నా ముందు కదిలే చేతి నుంచి కూడా సంగతి పట్టేస్తున్నారు. మీకు ఇంకా పనికొచ్చే ముక్క ఏమిటంటే, చూపు ఎక్కడ ఆగుతుందో కొలిస్తే ఇద్దరి కళ్లూ దాదాపు ఒకే చోట్ల తిరుగుతున్నాయి! తేడా కన్ను పడే చోటులో లేదు, పడ్డ చోటు నుంచి ఏం తీసుకుంటున్నామన్నదాంట్లో ఉంది. "భుజం చూడు" అని మీరు అరిచినప్పుడు ఆమె భుజాన్ని చూసే ఉంటుంది. ఆ భుజం ఏం చెబుతోందో ఆమెకు తెలియదు, ఎందుకంటే అది మీ భుజం కాదు.

ఆ అరుపు సంగతి కూడా ఇక్కడే మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కదిలించింది రైల్లో ఆ పిల్ల అన్న మాటే. అది పొగరు కాదు, ఉన్నదున్నట్టు చెప్పిన మాట. 2005లో వెలువడిన ఒక టెన్నిస్ పరిశోధనలో కుర్ర ఆటగాళ్లకు ఈ విద్యను మూడు రకాలుగా నేర్పారు. ఒక బృందానికి ఫలానాది చూడు, అది ఇలా ఉంటే ఇటు అని విడమరిచి చెప్పారు. ఒక బృందానికి చిన్న సూచన ఇచ్చి వాళ్లనే కనుక్కోమన్నారు. మూడో బృందానికి ఏమీ చెప్పలేదు. మూడు బృందాలూ మెరుగుపడ్డాయి. కానీ ఒత్తిడి పెట్టి పరీక్షించేసరికి, విడమరిచి చెప్పించుకున్న వాళ్ల ఆటే దెబ్బతింది. మాటల్లో నేర్చుకున్నది ఒత్తిడిలో మాటలుగానే గుర్తొస్తుంది, ఆ మాటలు గుర్తు చేసుకునేలోపు షటిల్ నేల మీద ఉంటుంది. స్మాష్ మన దాకా రావడానికి అర సెకను కూడా పట్టదు, చూసి కదలడానికే అందులో సెకనులో ఐదో వంతు పోతుంది. మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ 2023లో జపాన్‌లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు నెలకొల్పాడు. ఆ వేగం రాకెట్‌ను వదిలిన క్షణానిది. ఈకల వల్ల గాలి వెంటనే దాన్ని మందగింపజేస్తుంది. అయినా సరే, అలాంటి స్మాష్ ఎటొస్తుందో చూసి కదలడం మనిషి వల్ల కాదు. తగలకముందు ఒళ్లు చెప్పింది వినాల్సిందే. వినాలంటే పక్కన ఇంకో గొంతు ఉండకూడదు.

ఇప్పుడు అసలు చిక్కుముడి. మీరు రెండు వేరువేరు జబ్బులను ఒకే పేరుతో రాశారు. డ్రాప్‌కు ఆలస్యంగా రావడం ఒకటి. ఎదురు దిక్కుకు పరిగెత్తడం ఇంకొకటి. మొదటిది సంకేతం అందక ఆగిపోవడం. రెండోది సంకేతం కోసం ఆగకుండా లాటరీ వేయడం. దీనికి మందు దానికి వేస్తే ముదురుతుంది. ఆలస్యమైన ప్రతిసారీ తిట్లు తిన్న పిల్ల, మూడో గేమ్‌కల్లా ఏదో ఒక వైపు దూకేయడం మొదలుపెడుతుంది. నా దగ్గర ఆడిన పిల్లల్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అలా దూకేవాళ్లను చూసి "ముందే పసిగడుతోంది" అని మురిసిపోయిన రోజులు నాకూ ఉన్నాయి. పసిగట్టడం అంటే ముందే బయల్దేరడం కాదు. ఎదుటివాళ్ల రాకెట్ షటిల్‌కు తగిలే వేళకు స్ప్లిట్ స్టెప్, అంటే కదలబోయే ముందు రెండు కాళ్ల మీదా వేసే చిన్న గెంతు, నేల మీద పడుతూ, ఒంటి బరువు సరైన వైపుకు కాస్త మొగ్గి ఉండటం. తప్పయితే వెనక్కి తీసుకోగలిగేంత మొగ్గు, అంతే.

అందుకని వైద్యానికి ముందు పరీక్ష చేయండి. వచ్చే రెండు మ్యాచ్‌ల్లో ఒక కాగితం మీద రెండు గళ్లు గీసుకుని పక్కవైపు కూర్చోండి, వెనక కాదు. ఆమె అందుకోలేకపోయిన ప్రతి షటిల్‌కూ ఒక గీత. కాళ్లు ఆలస్యమైతే ఎడమ గడిలో, ముందే తప్పు దిక్కుకు పోతే కుడి గడిలో. రెండూ కాకపోతే, అంటే షాట్ నిజంగా అందనంత బాగుంటే, గీత వద్దు. నోరు తెరవవద్దు. ఆ గీతలు ఎక్కడ ఎక్కువ పడ్డాయన్నదాన్ని బట్టి కింద చెప్పే దారుల్లో ఏది ముందు పట్టాలో తేలుతుంది.

ఎడమ గడి నిండితే ఆమెకు చదవడానికి కొత్త మనుషుల ఒళ్లు కావాలి. మీ కోర్టులోనే ఉదయం ఆరింటికి ఆడే బ్యాంకు ఉద్యోగులు, లెక్చరర్లు, దుకాణాల వాళ్లు ఉంటారు కదా, వాళ్లను తేలిగ్గా తీసేయకండి. యాభై దాటిన వాళ్లకు కాళ్లు లేవు కాబట్టి చేతుల్లో మాయ ఉంటుంది. ఒక్కొక్కరి ఊపు ఒక్కో వింత. మీ అమ్మాయికి సరిగ్గా ఆ వింతే కావాలి. వారంలో రెండు ఉదయాలు వాళ్లతో సింగిల్స్, మనిషికి ఒక్క గేమ్, వెంటనే మనిషి మార్పు. వాళ్లలో ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు ఒక్కరున్నా బతిమాలి తెచ్చుకోండి. ఎడమచేతి వాళ్ల షాట్లను ముందే ఊహించడం అందరికీ కష్టమేనని టెన్నిస్‌లో పరీక్షించి తేల్చారు, కారణం మనకు ఎదురయ్యేవాళ్లలో అలాంటివాళ్లు తక్కువ. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో సింధు మొదటి గేమ్ 21-19తో గెలిచి కూడా చివరికి ఓడింది ఎడమచేతి వాటం ఉన్న స్పెయిన్ ఆటగత్తె మారిన్ చేతిలోనే. ఒక్క వాటం వల్లే ఓడిందని నేను అనను, కానీ ఆ వాటం అలవాటు లేకపోవడం ఎంత ఇబ్బందో ఆడేవాళ్లకు తెలుసు.

ఈ దారిలో ఇబ్బందులూ ఉన్నాయి. పెద్దవాళ్ల ఆట ఆమె వయసు పిల్లల ఆటలా ఉండదు, వేగం తక్కువ. పిల్ల సిగ్గుపడవచ్చు, మీరు పక్కనే ఉండాలి. మొదటి నెల వాళ్ల చేతిలో ఓడిపోతుంటే "ఇన్నాళ్లు నేర్చుకున్నది ఇదా" అని ఊళ్లో ఎవరో ఒకరు అంటారు. దానికి మీ ఇద్దరూ ముందే సిద్ధపడాలి. ఆదివారాలు బస్సెక్కి కాకినాడ, రాజమండ్రి లాంటి చోట్ల ఆమె ఈడు పిల్లలున్న కోర్టుకు తీసుకెళ్లగలిగితే ఇంకా మేలు. 40 వేలు దీపాల మీద పెట్టేకన్నా ఆ డబ్బును బస్సు చార్జీలుగా మార్చండి, ఏడాది పొడుగునా వస్తుంది.

దీపాల సంగతి సూటిగా చెప్తాను. అవి చెడ్డవి కావు. పిల్లలకు సరదా, కాళ్లకు పని. కానీ దీపానికి భుజం ఉండదు. అది వెలగబోయే ముందు ఏ సంకేతమూ ఇవ్వదు, వెలిగాక స్పందించడమే నేర్పుతుంది. మీ అమ్మాయికి అక్కర్లేనిది అదే. సాధారణ కంటి వ్యాయామాలు ఆటలో పనికొస్తాయా అని 2001లో రాకెట్ ఆటల కోసం పరీక్షించిన అబర్నెతీ, వుడ్‌లకు ఆటలో మెరుగు కనబడలేదు. మీ తమ్ముడు మనసు కష్టపెట్టుకుంటారనుకుంటే, ఆయన్ను ఒక మంచి ట్రైపాడ్ కొనివ్వమనండి.

ఎందుకంటే ఇంట్లో చేయగలిగే పని ఫోన్‌తోనే ఉంది. కోర్టు వెనక, అమ్మాయి కంటి ఎత్తులో ఫోన్ పెట్టి, అవతలి ఆటగాళ్లు కనబడేలా తీయండి. వేరే పిల్లలైతే వాళ్ల తల్లిదండ్రులను, టోర్నమెంట్ అయితే నిర్వాహకులను అడిగి మరీ తీయండి. సెకనుకు 60 ఫ్రేములు పెట్టుకుంటే ఒక్కో ఫ్రేమ్ సెకనులో 60వ వంతు. వెనక కోర్టు నుంచి కొట్టిన షాట్లను ఏరి, మొదట్లో షటిల్‌కు రాకెట్ తగిలాక నాలుగైదు ఫ్రేములకు ఆపండి. అది తేలిక. కొన్నాళ్లకు సరిగ్గా తగిలినచోట, ఆ తర్వాత తగలడానికి నాలుగైదు ఫ్రేముల ముందు ఆపండి. జవాబులు నాలుగే: ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి. నోటితో కాదు, హాల్లో నిలబడి రాకెట్ పట్టుకుని ఆ వైపు ఒక అడుగు వేసి చెప్పాలి. 40 షాట్లకు కళ్లు మూసుకుని చెప్పినా 10 తగులుతాయి, కాబట్టి 12 వచ్చిందని పొంగిపోవద్దు. రోజుకు పది నిమిషాలు చాలు. అవే క్లిప్పులు తిప్పితిప్పి చూపిస్తే వాటిని బట్టీ కొడుతుంది, వారానికోసారి కొత్త మనుషుల్ని పెట్టండి.

ఆ పది నిమిషాల్లో మీ నోట్లోంచి రావాల్సింది ఒక్క ప్రశ్న: "నీకు ఎప్పుడు తెలిసింది?" ఏం చూశావు అని కూడా అడగవద్దు. మరీ తెలియక తికమకపడితే, నేర్పకుండా చూపు మాత్రం మళ్లించే పద్ధతి ఒకటుంది. జర్మనీలో 2006లో బ్యాడ్మింటన్ వీడియోల మీద ఒక ఎర్రటి పారదర్శక మచ్చను మొదట నడుము మీద, తర్వాత చేతి మీద, ఆ తర్వాత రాకెట్ మీద కదిలేలా పెట్టి చూపిస్తే కొత్తవాళ్లు త్వరగా పట్టుకున్నారు. మీరు ఆపిన బొమ్మ మీద వేలు పెట్టి, మాట్లాడకుండా, అదే వరుసలో కదిలిస్తే సరి.

కుడి గడి నిండితే మాత్రం వీడియో పక్కన పెట్టండి, ముందు కాళ్లకు ఓపిక నేర్పాలి. కోర్టులో ఒక ఆట పెట్టండి. వెనక నుంచి కొట్టేవాళ్లకు రెండే షాట్లు: నేరుగా టాస్ లేదా నేరుగా డ్రాప్. మీ అమ్మాయి మొదటి అడుగు సరైన వైపు వేస్తే షటిల్ పోయినా పాయింటు ఆమెదే. తప్పు వైపు వేస్తే ర్యాలీ గెలిచినా పాయింటు పోతుంది. షటిల్ ఎటొస్తుందో చూసేదాకా ఆగి వేస్తే ఎవరికీ పాయింటు లేదు. ఒకటి రెండు వారాల్లో దూకడం తగ్గుతుంది. దీనికి మూల్యం ఏమిటంటే, కొంతకాలం ఆమె ఇంకా నెమ్మదిగా కనబడుతుంది. అప్పుడు మీరు కంగారుపడి పాత అరుపు అందుకున్నారో, మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో మాట, చెయ్యి చివరి క్షణం దాకా ఆపి మోసం చేసే ఆటగాళ్ల ముందు ఆగడమే తెలివి. తైవాన్ తాయ్ జూ యింగ్ చేతి మాయ ముందు టోక్యో ఒలింపిక్స్ సెమీస్‌లో మన సింధు అంతటి మనిషే 21-18, 21-12తో ఓడింది. అలాంటి చేతిని పూర్తిగా చదవగలిగే పిల్ల ఎవరూ ఉండరు, మీ అమ్మాయి మీద ఆ భారం పెట్టకండి.

ఇక హైదరాబాద్. మీ ఇంటావిడ మాటలో బలం ఉంది. అకాడమీలో దొరికేది కోచ్ ఒక్కడే కాదు, రోజూ ఎదురు నిలిచే పాతిక రకాల చేతులు. గుంటూరు నుంచి కిదాంబి శ్రీకాంత్, అమలాపురం నుంచి సాత్విక్ గచ్చిబౌలిలోని అకాడమీ దారి పట్టారంటే ఆ లోటు చిన్న ఊళ్లలో తీరేది కాదని వాళ్ల ఇళ్లల్లోనూ అనుకునే ఉంటారు. కానీ వెళ్లినవాళ్లందరి పేర్లూ మనకు తెలియవు. పదో తరగతి ముందు హాస్టల్, కొత్త స్కూలు, మొదటిసారి పాతికమందిలో ఒకతెగా మిగిలిపోవడం, రాత్రి మాట్లాడటానికి ఇంట్లోవాళ్లు లేకపోవడం. కొందరు పిల్లలు అందులో రాటుదేలతారు, కొందరు ఆరు నెలల్లో రాకెట్ మూల పడేసి తిరిగొస్తారు. ఇద్దరినీ నేను చూశాను, ఎవరు ఎటవుతారో ముందే చెప్పగలిగిన సందర్భాలు తక్కువ. ఇప్పుడే పంపితే ఓటమి నుంచి పారిపోయినట్టు ఆమెకు అనిపించవచ్చు. అసలు పంపకపోతే నాన్న కోసం ఆగిపోయానని ఇరవై ఏళ్లప్పుడు అనిపించవచ్చు. నడిమి దారి, వేసవి సెలవుల్లో ఆరేడు వారాల క్యాంపు. తిరిగొచ్చాక తేల్చేది మీరిద్దరూ కాదు, ఆమె. ఈ లోపు ఉదయపు ఆటలు, ఫోన్ పని మొదలై ఉంటే అక్కడికి వట్టి చేతులతో వెళ్లదు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. వచ్చే టోర్నమెంట్‌లో ఫలితం ఆశించకండి, అది నెలల్లో వచ్చే మార్పు. మీతో ఆడటం మాత్రం ఆపవద్దు. భుజం బాగోలేకపోయినా నెట్ దగ్గర మీ చేతికి ఇంకా విలువ ఉంది. అంతకుమించి, తాను ముందే చేరుకోగలిగే ఒక కోర్టు, ఒక మనిషి ఉన్నారని ఆ పిల్లకు రోజూ తెలియడం మంచిది.

రెండు మ్యాచ్‌ల గీతల కాగితం ఫొటో తీసి పంపండి. ఏ గడిలో ఎన్ని పడ్డాయో చూసి మళ్లీ రాస్తాను. ఆ కవరులోనే అమ్మాయిని కూడా ఒక పేజీ రాయమనండి, మీరు చదవకుండా అంటించి పంపాలి. కోర్టులో తనకు ఏం కనబడుతోందో ఇప్పటిదాకా మీరు చెప్పారు గానీ, ఆమె చెప్పలేదు.